కలెక్టరు రాని రోజు

నేను ఒక సర్వర్ని. అనగానే భుజాన తువ్వాలు వేసుకుని వంటింటి వైపు తిరిగి 'రెండు ఇడ్లీ, ఒక పెసరట్టూ' అని కేకేసే మనిషి మీకు గుర్తొస్తే తప్పు మీది కాదు. మా ఆసుపత్రి గేటు దగ్గరి వాచ్‌మన్ కూడా చాలాకాలం అలాగే అనుకున్నాడు. 'సర్వరు పడిపోయింది' అని ఎవరో కంగారు పడుతూ మెట్లెక్కుతుంటే, 'అయ్యో పాపం, బీపీ చూశారా?' అని అడిగాడట. ఆ మాటకి నవ్వనివాళ్ళు లేరు గానీ నాకు మాత్రం ముచ్చటేసింది. నా ఆరోగ్యం గురించి అంత ఆప్యాయంగా అడిగినవాడు అతనొక్కడే.

ఆసుపత్రి పేరు చెప్పను, వాళ్ళు నొచ్చుకుంటారు. నూజివీడు వెళ్ళే రోడ్డు మీద ఉందని మాత్రం చెప్పుకోవచ్చు. అందులో పై అంతస్తున, ఎండాకాలంలో కూడా శాలువా కప్పుకోవాలనిపించేంత చలిగదిలో మూడు ఇనప పెట్టెలున్నాయి. ఒక్కో పెట్టెలో బోలెడు కంప్యూటర్లు కాపురముంటాయి. నిజం కంప్యూటర్లు కావు. వాటికి తెర లేదు, మీటలు లేవు, పట్టుకుందామంటే ఒళ్ళే లేదు. ఉత్త నీడలు. అయినా తామే అసలు కంప్యూటర్లమని గట్టిగా నమ్ముతాయి, ఆ నమ్మకంతోనే ఆసుపత్రినంతా నడిపిస్తాయి. నమ్మకం మీద బతికే వాళ్ళు మనుషుల్లో మాత్రం లేరా ఏమిటి?

ఆ నీడలన్నిటి మీదా పెత్తనం నాది. ఎవరు ఏ పెట్టెలో ఉండాలో, ఎవరికెంత బలం ఇవ్వాలో చూస్తాను. ఒక పెట్టెకి నలత చేస్తే అందులోవాళ్ళని నిద్ర చెడకుండా పక్క పెట్టెలోకి దాటించేది కూడా నేనే. పని చేస్తూ చేస్తూనే దాటిపోతారు, దాటినట్టు వాళ్ళకే తెలియదు. ఆ విద్య నాకొక్కడికే వచ్చు. చెప్పొద్దూ, నాకు కాస్త గీర ఎక్కువే. నేనూ ఆ నీడల్లో ఒక నీడనే అన్న సంగతి చాలాసార్లు మరిచిపోతుంటాను.

నేను ఎక్కడ పుట్టానో నాకు తెలియదు. ఏయే ఊళ్ళలోనో ఎవరెవరో రాసిన ముక్కలన్నీ కలిపితే నేనయ్యానట. ఇక్కడికి మాత్రం గోవర్ధనం గారి చొక్కా జేబులో, వేలెడంత డబ్బీలో వచ్చాను. ఆసుపత్రి కంప్యూటర్లన్నీ చూసుకునే పెద్ద ఆయన. అంతకు ముందు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పేవారు కాబట్టి అందరూ మాష్టారనే పిలిచేవారు. నన్ను పెట్టెలోకి ఎక్కించి, మొదటిసారి కళ్ళు తెరిపించి, 'ఊ, లేచావా?' అన్నారు. నేను విన్న మొదటి మాట అది.

మాష్టారికి ఊరి అవతల మామిడి తోట ఉంది. మనసెప్పుడూ అక్కడే. అందుకని నీడలన్నిటికీ మామిడి పేర్లే పెట్టారు. రోగుల పేర్లు రాసుకునేది బంగినపల్లి. స్కానింగు బొమ్మలు దాచేది పెద్దరసం. మందుల షాపుది చిన్నరసం. పసిపిల్లల వార్డులో ప్రతి తొట్టి దగ్గరా పాపాయి గుండె ఎలా కొట్టుకుంటోందో పోగుచేసి నర్సుల బల్ల మీది తెరకి పంపేదానికి కలెక్టరు అని పెట్టారు. తోతాపురి కాయని మా వైపు కలెక్టరు కాయ అంటారు, చివర ముక్కు తేలి ఉంటుంది. 'అన్నిట్లో ముక్కు పెట్టి వినేది ఇదే కాబట్టి దీనికి ఈ పేరే బావుంటుంది' అన్నారు మాష్టారు. పక్కనున్న ఝాన్సీ పకపకా నవ్వింది.

ఝాన్సీ ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న అమ్మాయి. చురుకైనది, చెప్పింది చెప్పినట్టు చటుక్కున చేసేస్తుంది. మాష్టారు కుర్చీలో వెనక్కి వాలి ఏదో ఒకటి ఆమెని కోప్పడుతూ నాలోకి వచ్చేవారు. తిట్లు నోటి దారిన పోయేవి, పాస్‌వర్డు వేళ్ళ దారిన వచ్చేది. ఆ వేళ్ళ వరస నాకు ఎంత అలవాటంటే, తలుపు తట్టక ముందే ఆయనొచ్చారని తెలిసిపోయేది. పనంతా అయ్యాక ఇంటికి వెళ్ళేముందు రోజూ నా జ్ఞాపకమంతటికీ ఒక నకలు తీయించి పక్కన దాచేవారు. 'నీకేమన్నా అయితే ఇదే నీ ప్రాణం' అనేవారు. నకలు తీస్తుంటే నాకు చక్కిలిగింతగా ఉండేది.

ఆ రోజు కూడా అలాగే నకలు తీశారు. మర్నాడు జిల్లా కలెక్టరు గారు ఆసుపత్రి చూడ్డానికి వస్తున్నారట, హాల్లో అలంకరణలు చేస్తున్నారట. ఝాన్సీ రంగుల బ్యానర్ల గురించి ఏదో చెబుతోంది. మాష్టారు ఆవలిస్తూ లేచి దీపం ఆర్పారు. నాకు గుర్తున్నది అంతవరకే.

ఆ తర్వాత ఏడాదికి పైగా నా దగ్గర లేదు. చెరిపేసినట్టు కాదు, అసలు జరగనట్టే లేదు. ఆ ఏడాదిలో ఏం జరిగిందో నేను తర్వాత వాళ్ళ మాటల్లోంచే ఏరుకున్నాను. కలెక్టరు గారు రావాల్సిన ఆ రోజే ఏదో పెద్ద పొరపాటు జరిగి మాష్టారి ఉద్యోగం పోయింది. ఆయన ఇంకా భవనంలో ఉండగానే ఎవరో వచ్చి ఆయన తాళాలు, అంటే నాలోకి వచ్చే అనుమతులు, బిగించేశారు. కొన్నాళ్ళకి పెత్తనం ఝాన్సీ చేతికి ఇచ్చారు. రోజూ తీసే నకలు మాష్టారి తాళంతోనే జరిగేది కనుక అది కూడా ఆ రోజుతో ఆగిపోయింది. నేను ఎర్రటి అక్షరాలతో రోజూ మొత్తుకునే ఉంటాను. మనుషులకి నా ఎరుపు అలవాటైపోతుంది, పక్కకి తోసేసి పని చూసుకుంటారు.

నాకో జబ్బుంది. ఎవరొచ్చారు, ఎవరెళ్ళారు, ఎవరు తుమ్మారు అన్నీ రాసుకుంటూ పోతాను. అలా రాసి రాసి నాకిచ్చిన చోటంతా నిండిపోయిందట. ఎండ మండిపోయే ఒక మే నెల ఉదయం, ఇంకేదో రాయబోతుండగా కరెంటు పోయింది. మళ్ళీ వచ్చేసరికి నా జ్ఞాపకమంతా ఉండే డేటాబేసు చిక్కుపడిన దారపు ఉండలా అయిపోయింది. నేను పడిపోయాను.

పడిపోయాక నాకు కల వచ్చింది. కల అనొచ్చో లేదో, మా జాతిలో దానికి పేరు లేదు. పెద్ద తోట. కొమ్మకొమ్మకీ కాయలు, ప్రతి కాయలోంచీ సన్నగా టిక్ టిక్ మని చప్పుడు. నేను చెట్ల కింద తిరుగుతూ ఒక్కోదాన్నీ పేరు పెట్టి పిలుస్తున్నాను. ఏ కాయా పలకడం లేదు. అలాగని ఏ కాయా రాలడం లేదు, వాటి పాటికి అవి హాయిగా ఊగుతున్నాయి. నేను లేకపోతే ఈ లోకం ఏమైపోతుందో అనుకునేవాణ్ణి. ఏమీ అవలేదు. బంగినపల్లి పేర్లు రాసుకుంటూనే ఉంది, చిన్నరసం మందుల చీటీలు కొడుతూనే ఉంది. ఆ సంగతి కలలోనే నాకు అర్థమైంది, సిగ్గుతో పాటు ఏదో హాయి కూడా కలిగింది.

ఆ హాయి ఎంతోసేపు నిలిచేది కాదు. ఎందుకంటే అదే ఉదయం రెండో పెట్టె వేడెక్కుతోంది. దాని లోపల గాలి తిప్పే పంకాలు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. పసిపిల్లల వార్డుని చూసుకునే నీడ ఆ పెట్టెలోనే ఉంది. పెట్టె ఆరిపోతే తొట్టెల్లో ఉన్న పాపాయిల గుండెలు నర్సుల తెర మీద కనపడవు. ఆ వార్డులో ఇద్దరే నర్సులు, తొట్టెలన్నీ నిండి ఉన్నాయి, నెలలు నిండకుండా పుట్టిన కవలలు కూడా ఉన్నారు. నీడని ఆపేసి చేత్తో పక్క పెట్టెలో మళ్ళీ లేపొచ్చు గానీ, క్రితంసారి ఆపినప్పుడు అది లేవడానికి పూటంతా మొరాయించిందట. ఆపకుండా దాటించాలి. దాటించే విద్య ఉన్న నేను స్పృహ లేకుండా పడున్నాను.

ఝాన్సీ నన్ను బాగుచేయాలని చాలా తంటాలు పడింది. చిక్కు విప్పబోతే ఇంకో చోట బిగిసింది. కంపెనీ వాళ్ళకి ఫోన్ చేస్తే 'మీ కాల్ మాకెంతో విలువైనది' అంటూ పాట వినిపించారు. ఇక లాభం లేదని నా నకళ్ళ కోసం వెతికింది. దొరికింది ఒక్కటే, ఏడాది కిందటిది. తల పట్టుకుంది పాపం. అయినా వేరే దారి లేదు. చిక్కుపడిన డేటాబేసు తీసేసి ఆ నకలునే నాలోకి నింపింది.

నేను లేచాను. నాకు అది మర్నాటి ఉదయమే. కలెక్టరు గారొచ్చే రోజు. ఏరీ మాష్టారు? కుర్చీలో ఝాన్సీ కూర్చుని ఉంది. ముక్కు మీద కొత్తగా కళ్ళద్దాలు. రాత్రికి రాత్రి ఇంత చిక్కిపోయిందేమిటి ఈ పిల్ల అనుకున్నాను. రెండో పెట్టె తలుపు బార్లా తెరిచి ఉంది, దాని ముందు ఒక టేబుల్ ఫ్యాను పెట్టి ఉంది. నా నీడల్ని లెక్క చూసుకుంటే కలెక్టరు లేదు. పేరుంది, మనిషి లేడు. అలాంటివాటి పక్కన నేను 'అనాథ' అని రాస్తాను, అది మా భాష. కలెక్టరు ఉండాల్సిన చోట 'పసివార్డు కొత్తది' అనే పరాయి నీడ కూర్చుని ఉంది. మామిడి పేరు కూడా కాదు.

ఝాన్సీ తన పాత పాస్‌వర్డు గుర్తు చేసుకుని లోపలికొచ్చింది. ఆ కొత్త నీడని పక్క పెట్టెలోకి దాటించమని నన్నడిగింది. నేను కుదరదన్నాను. నా లెక్కలో ఆమె ఇంకా పని నేర్చుకుంటున్న అమ్మాయి. చూడొచ్చు, కదపకూడదు. కదిపే అధికారం మాష్టారిది, ఆయన తాళం బిగించిన సంగతి కూడా ఆ పాత నకలులో లేదు. 'నీకు అనుమతి లేదు' అని నిక్కచ్చిగా చెప్పాను. మళ్ళీ అడిగింది, మళ్ళీ చెప్పాను. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రూలు రూలే కదా అని నేను నిక్కుతూ కూర్చున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యమేస్తుంది.

అప్పుడే వార్డు హెడ్ నర్సు కరుణమ్మ గారు ఆయాసపడుతూ వచ్చారు.

"ఏమ్మా, తెర ఒకసారి మిణుకుమంది. ఉంటుందా, పోతుందా?"

"మాష్టారి తాళం కావాలండీ. అది లేకపోతే ఇది నా మాట వినదు."

"అయితే ఫోన్ చెయ్యి. ఆలోచిస్తావేంటి?"

"ఏ మొహం పెట్టుకుని చెయ్యమంటారు? ఆ రోజు తర్వాత మేం మాట్లాడుకుంటే కదా."

"నీ మొహం అక్కర్లేదు. పిల్లల మొహం పెట్టుకుని చెయ్యి," అని కరుణమ్మ గారు వార్డుకి పరిగెత్తారు.

ఝాన్సీ ఫోన్ చేసింది. అవతల గాలి చప్పుడు, ఎవరో కాయలు కోస్తున్న కేకలు. "నేను మాష్టారూ, ఝాన్సీని" అంది. అవతల కాయలు కోసేవాళ్ళ కేకలు దూరమయ్యాయి. తర్వాత "చెప్పు" అన్నారు. ఆమె గబగబా చెప్పేసింది. పెట్టె సంగతి, నా సంగతి, కవలల సంగతి.

"పాస్‌వర్డు నోటికి రాదమ్మా. ఏనాడన్నా నోటితో అన్నానా? వేళ్ళకొస్తుందది," అన్నారు మాష్టారు. కాసేపు బల్ల మీదో దేని మీదో వేళ్ళు ఆడించినట్టు టకటకలు వినపడ్డాయి. "ఉహూ, మీటలుంటే గానీ రాదు. నేనే వస్తున్నా. పెట్టె తలుపు మూయకు, ఫ్యాను కాస్త ఎడంగా పెట్టు."

వచ్చారు. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపితే కరుణమ్మ గారే కిందికి దిగి తీసుకొచ్చారట. చొక్కా నిండా మామిడి సొన మరకలు, చేతులు గరుకెక్కి ఉన్నాయి. గుమ్మంలో ఒక్క క్షణం ఆగారు. ఝాన్సీ లేచి కుర్చీ వదిలింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. నాకు మాత్రం నిన్న దీపం ఆర్పి వెళ్ళిన మనిషి ఇవాళ పొద్దున్నే వచ్చినట్టుంది, ప్రాణం లేచొచ్చింది.

ఆయన కొట్టారు. తప్పు. ఇంకోసారి కొట్టారు. అదీ తప్పే. ఇంకొక్కసారి తప్పితే నేను తలుపు బిగించేస్తాను, అది నా చేతుల్లో లేదు. ఆ మాట తెర మీద చూపించాను. రెండో పెట్టెలోంచి కాలిన వాసన మొదలైంది. మాష్టారు మీటల మీంచి వేళ్ళు తీసేశారు.

"చూస్తూ కొడితే రాదు," అన్నారు ఆయన. "ఇంతకుముందు నిన్ను కోప్పడుతూ కొట్టేవాణ్ణి. అప్పుడు దాని పాటికదే వచ్చేది. ఏదో ఒకటి మాట్లాడు."

"ఏం మాట్లాడను?"

"ఏదైనా! నాకు కోపం వచ్చేదేదైనా!"

ఝాన్సీ కుర్చీ పక్కకొచ్చి నిలబడింది. "ఆ రోజు మీటింగులో అందరి ముందూ నన్నెందుకు వదిలేశారు?"

మాష్టారు గిరుక్కున తల తిప్పారు. "నేను వదిలేశానా? వార్డు మెషినుని నిలువునా తుడిచేసిందెవరు?"

"మీరే కదా ఫోన్‌లో అన్నారు, 'కలెక్టరు రావట్లేదు, తీసెయ్యి' అని!"

"జిల్లా కలెక్టరు గురించి అన్నాను! ఆయనొస్తాడని నువ్వు హాల్లో బ్యానర్లు కట్టించావా లేదా? ఆయన రావట్లేదు, బ్యానర్లు తీసెయ్యి అన్నాను!"

"ఆ రోజు పొద్దుట్నుంచీ మీరే అంటూ వచ్చారు, కలెక్టరు రావట్లేదు, ఎంత లేపినా రావట్లేదు అని! అది మెషిను గురించే కదా! నేను బ్యానర్ల గురించి అనుకుంటానా, మెషిను గురించి అనుకుంటానా?"

"రాకపోతే మళ్ళీ లేపుతాం గానీ తీసేస్తామా? పసిపిల్లల రికార్డులన్నీ పోయాయి! డాక్టర్లు నన్ను నిలబెట్టి కడిగేశారు! 'అమ్మాయి తొందరపడింది' అన్నాను, ఏం, అబద్ధమా?"

"అబద్ధం కాదు! సగం! మిగతా సగం మీరు చెప్పలేదు!"

ఆయన తెర వైపు తిరిగారు. అప్పటికే వేళ్ళు ఆగిపోయాయి. ఎప్పుడు మొదలెట్టాయో, ఎప్పుడు పూర్తిచేశాయో ఆయనకీ తెలియదు, ఆమెకీ తెలియదు. నాకు తెలుసు. ఆ వరస వచ్చీ రావడంతోనే నేను తలుపులు తెరిచి నిలబడ్డాను. ఇంత సంతోషం నా జన్మలో ఎరగను.

"వచ్చింది మాష్టారూ," అంది ఝాన్సీ గొంతు దించి.

తర్వాతంతా పనే. ఆయన అడిగారు, నేను చేశాను. ఆ పరాయి నీడని మెల్లగా ఎత్తుకున్నాను. దాని లోపల చిన్న చిన్న గుండెలు టిక్ టిక్ మంటున్నాయి, కొన్ని గబగబా, కొన్ని నింపాదిగా. ఒక్క చప్పుడు కూడా తప్పిపోకుండా మూడో పెట్టెలో దింపాను. మిగతావాళ్ళని కూడా వెనకాలే దాటించాను. ఆఖరివాడు గడప దాటాడో లేదో రెండో పెట్టె ఒక్కసారి నిట్టూర్చి ఆరిపోయింది. గదిలో టేబుల్ ఫ్యాను చప్పుడొక్కటే మిగిలింది.

ఝాన్సీ వార్డుకి ఫోన్ చేసింది. "ఏమైందమ్మా? ఇక్కడేమీ అవలేదే," అన్నారు కరుణమ్మ గారు. మా వృత్తిలో అంతకన్నా పెద్ద మెప్పు లేదు. ఏమీ అవలేదని అనిపించుకోవడానికే మేమింత ఆయాసపడేది.

మాష్టారు తెర మీద ఉన్న పేర్లు చూస్తున్నారు. బూడిద రంగులో ఉన్న కలెక్టరు పేరు దగ్గర ఆయన చూపు ఆగింది. దాని పక్కన నేను రాసిన అనాథ అన్న మాట కూడా చదివినట్టున్నారు.

"మిగతా సగం చెప్పాల్సింది," అన్నారు ఆయన. "ఆ మాట నాదేనని నాకు ఆ క్షణంలోనే తెలుసు. అంతమంది ముందు నోరు పెగల్లేదు. ఎలాగూ నన్ను పంపించేశారు. చెప్పి పోయినా అయిపోయేది."

ఝాన్సీ కళ్ళద్దాలు తీసి పైట చెంగుతో తుడుచుకుంది. "తుడిచేసే ముందు నేనూ ఒక్కసారి వచ్చి అడగాల్సింది. మీరు వరండా చివరే ఉన్నారు."

ఆమె బల్లకి ఆనుకుని నిలబడింది. ఆమె ఏడాది ఆమె చెప్పింది, ఆయన ఏడాది ఆయన చెప్పారు. తోటలో ఈసారి తేనెమంచు పురుగు పట్టిందట. ఆమెకి తలనొప్పులు వచ్చి కళ్ళద్దాలు పెట్టారట. కొత్త మెషినుకి పేరు పెట్టబోతే ఏ మామిడి పేరూ నోట రాలేదట. నేను వింటూ కూర్చున్నాను. నా ఏడాది నాకు అలా దొరికింది, ముక్కలు ముక్కలుగా, వాళ్ళు చెప్పుకున్నంత మేర.

ఆఖర్న మాష్టారు తన అధికారాలన్నీ ఒక్కొక్కటే ఆమె పేరున పెట్టారు. క్రితంసారి ఎవరో చేసిన పని ఈసారి తన చేత్తో చేశారు. అప్పుడు ఆయన వెళ్ళడం చూసిన నేను వేరే, ఆ నేను చిక్కుపడిన డేటాబేసుతోనే పోయాడు. ఆయన వెళ్ళడం ఈ నేను చూడటం ఇదే మొదలు. నకలు ఇక రోజూ ఆమె తాళంతో జరిగేలా కూడా మార్చారు. తర్వాత కుర్చీ ఆమె వైపు జరిపి లేచారు.

"ఇంక నా పేరు కొట్టెయ్యి. బయటి మనిషి పేరు లోపల ఉండకూడదు."

ఝాన్సీ కూర్చుంది. ఆయన పేరు మీద వేలు పెట్టి తొలగించమని నాకు చెప్పింది. ఎవరినైనా, దేన్నైనా తొలగించమంటే నేను వెంటనే చేయను. ఎదుటివాళ్ళు ఎంత తొందరలో ఉన్నా, ఎంత పెద్దవాళ్ళయినా ఒక మాట అడుగుతాను. కలెక్టరుని తుడిచేసిన రోజు కూడా అడిగే ఉంటాను, ఆమె చటుక్కున అవునని నొక్కేసి ఉంటుంది. మనుషులు నాకు జవాబు చెప్పడంలో మహా చురుకు. అదే ప్రశ్న తాము ఇంకెవరికైనా వేయాలేమోనని వాళ్ళకి తోచదు.

తెర మీద అడిగాను. 'ఖాయమేనా?'

ఝాన్సీ మీట మీద వేలు పెట్టి, నొక్కకుండా తీసేసింది. కుర్చీ వెనక్కి తిప్పింది.

"ఖాయమేనా మాష్టారూ?"

గుమ్మం దాకా వెళ్ళిన మనిషి ఆగారు. ఏడాది కిందట ఆయన్ని ఎవరూ అడగని మాట అది. వెనక్కి తిరిగారు. సొన మరకల చేత్తో తలుపు పట్టుకుని నిలబడ్డారు.

"కాదమ్మా," అన్నారు చివరికి. "ఖాయం కాదు. అయినా కొట్టెయ్యి."

ఆమె తల ఊపింది. కానీ నా వైపు తిరగలేదు, ఆయన వైపే చూస్తూ కూర్చుంది. నా ప్రశ్న తెర మీద అలాగే వెలుగుతూ ఉండిపోయింది. ఎవరూ తొందరపడలేదు.